గడప దాటని చట్టము

ప్రతి సంవత్సరము జూన్ నెలలో బడులు తెఱవబడును. క్రొత్త పుస్తకములు, క్రొత్త దుస్తులు, పిల్లల కలకలము ఊరూర కనవచ్చును. ఆ కలకలములో పాలుపంచుకొనలేని పిల్లలున్న ఇల్లు ప్రతి వీథియందును ఒకటి రెండు కలవు. వారిని మనము లెక్కకు తీసికొనము. అల్వాలునందు ఒక తల్లి తన తొమ్మిదేండ్ల కుమార్తెను చంక నెత్తుకొని బడిమెట్లెక్కుచుండగా మేము చూచితిమి. ఆ బాలికకు కాళ్లు స్వాధీనమున లేవు. తెలివికి కొఱత లేదు. తరగతిలో లెక్కలు అందఱికంటె ముందుగా చేయునది ఆమెయే యని ఉపాధ్యాయురాలు మాతో చెప్పినది. "వచ్చే యేడు ఈ పిల్లను మొయ్యుడు నాతోని కాదు సారూ, అప్పుడేం జెయ్యాలె?" అని ఆ తల్లి మమ్మడిగెను. మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. ఆమెకు మేము బాకీపడిన ప్రత్యుత్తరమే ఈ వ్యాసము.

ఆ బడికి వాలుదారి లేదని పాఠకులు తలంపవలదు. ఉన్నది. అది మురుగుకాలువ యొడ్డున మొదలై, తాళము వేసిన ఇనుపతలుపు నొద్ద ముగియుచున్నది. సర్కారు లెక్కలలో మాత్రము ఆ బడి "వాలుదారి గల బడి"యే. చట్టమునకును, బిడ్డ కాలికిని నడుమ నేడున్న దూరము ఈ ఒక్క దృశ్యమువలన తేటపడగలదు.

చట్టము మాట మొదట చూతము. 2002లో రాజ్యాంగమునకు జరిగిన 86వ సవరణచే ఆఱు మొదలు పదునాలుగేండ్లవఱకు గల ప్రతి బిడ్డకును ఉచిత నిర్బంధ విద్య ప్రాథమిక హక్కయ్యెను. 2009లో చేయబడి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము, బడి భవనమునకు ఆటంకములేని ప్రవేశముండవలెనని తన షెడ్యూలునందే వ్రాసినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మఱింత ముందునకు పోయినది. నలువది శాతమునకు తక్కువకాని వైకల్యముగల బిడ్డకు ఆఱవయేటినుండి పదునెనిమిదవయేటివఱకు, ఇంటిచేరువనున్న బడిలోగాని, కోరుకొనిన ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగ చదువుకొను హక్కు అది యిచ్చినది. నియమములకు లోబడని భవనపు నమూనాకు అనుమతి ఈయరాదనియు, కట్టడము ముగిసినపిదప పూర్తి ధ్రువపత్రము ఈయరాదనియు 44వ సెక్షను శాసించుచున్నది. అదివఱకే యున్న ప్రజాభవనములను, నియమములు ప్రకటింపబడిన ఐదేండ్లలోపల సరిదిద్దవలెనని 45వ సెక్షను శాసించుచున్నది. నియమములు 2017 జూన్ 15వ తేదీన ప్రకటింపబడినవి. ఐదేండ్లు 2022 జూన్ నెలతో నిండినవి. ఆ గడువు ముగిసినట్లు మన బడుల మెట్లకు ఎవరును తెలియజేసినట్లు లేదు.

ఇంత చట్టముండియు ఇట్లేల జరిగెను? "చేయవలెను" అను మాటకును, "చేయుట మంచిది" అను మాటకును గల భేదము న్యాయస్థానముల మెట్లెక్కినవారి కందఱికిని తెలియును. చట్టము "చేయవలెను" అనినది. దానిక్రింద చేసిన 15వ నియమము, భవనములకు రహదారులకు సంబంధించిన ప్రమాణములను కొన్ని మార్గదర్శక గ్రంథములకు వదలినది. ఆ గ్రంథములు తెఱచి చూచిన "చేయుట మంచిది" అను ధోరణియే పెక్కుచోట్ల కనబడును. ఆజ్ఞ పైనుండి క్రిందికి దిగునప్పటికి సలహాగా మాఱెను. సలహాను పాటింపనివానిని శిక్షించు న్యాయాధికారి ఎచ్చటను లేడు.

ఈ లోపమును బయటపెట్టిన కీర్తిలో మన ప్రాంతమునకును భాగము కలదు. చూపులేని రాజీవ్ రతూరీ అను నాతడు 2005లో సుప్రీముకోర్టున ఒక వ్యాజ్యము వేసెను. 2017 డిసెంబరు 15న న్యాయస్థానము పెక్కు ఆదేశములిచ్చెను. పని నత్తనడక నడచెను. అంతట 2023 నవంబరులో, దేశమునందలి స్థితిగతులను విచారించి నివేదిక ఈయవలసినదిగా నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమునందలి వైకల్య అధ్యయన కేంద్రమును న్యాయస్థానము కోరెను. అల్వాలు మీదుగా పోవు రాజీవ్ రహదారి వెంట ఉత్తరముగ సాగినచో షామీర్‌పేటయందు ఆ విశ్వవిద్యాలయము కానవచ్చును. ఆ నివేదిక వచ్చినపిదప 2024 నవంబరు 8న సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 15వ నియమపు మొదటి ఉపనియమము మూలచట్టమునకు విరుద్ధమనియు, తప్పక పాటింపవలసిన ప్రమాణములను సలహాలనుండి విడదీసి మూడు మాసములలో క్రొత్త నియమములు చేయవలెననియు ఆ తీర్పు సారాంశము. ఆ మూడు మాసములు 2025 ఫిబ్రవరితో గడచినవి. గడువులు గడచుట సర్కారులకు అలవాటు. పిల్లల ఈడు మాత్రము గడువు పొడిగింపు నెఱుగదు. తొమ్మిదేండ్ల బిడ్డ మూడేండ్లు ఇంటికడ కూర్చుండినచో, ఆ మూడేండ్లను ఏ కోర్టు తీర్పును తిరిగి తెచ్చి ఈయజాలదు.

ఇక అంకెలు చూతము. 2011 జనాభా లెక్కలు దేశమున 2.68 కోట్లమంది వికలాంగులున్నారని తెలిపినవి. జనాభాలో ఇది 2.21 శాతము. అయిదు మొదలు పందొమ్మిదేండ్ల వయస్సుగల వికలాంగ బాలలలో నాల్గవవంతుమంది ఏ విద్యాసంస్థకును పోవుట లేదని 2019లో యునెస్కో వెలువరించిన నివేదిక చెప్పినది. అయిదేండ్ల పిల్లలలోనైతే నాలుగింట మూడువంతులమంది బడిముఖమే చూడలేదట. కేంద్ర విద్యాశాఖ లెక్కలప్రకారము వాలుదారియు చేపట్టు కమ్ములును గల బడులు 2023-24లో 52.3 శాతము, 2024-25లో 54.9 శాతము. అనగా చట్టము పెట్టిన గడువు దాటిన రెండేండ్లకుగూడ సగమునకు కొంచెము పైగా మాత్రమే. పోనిండు, ఆ సగమైనను నిజమా?

ఆ లెక్కను వ్రాయు పద్ధతి ఎట్టిదో ఆలోచింపవలెను. వాలుదారి "ఉన్నదా, లేదా" అని బడినుండి సమాధానము తీసికొందురు. దానిపై బండి ఎక్కగలదా యని ఆ అంకె చెప్పదు. భవనశాస్త్రమున అంగీకృతమైన కొలత ఒకటి కలదు. ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు వాలు ఉండవలెను. మన బడుల అరుగు నేలకంటె రెండడుగుల ఎత్తుననున్నచో వాలుదారి ఇరువదినాలుగడుగుల పొడవుండవలెను. గుత్తేదారు స్థలము చాలదనియో, సిమెంటు మిగులుననియో ఆఱడుగులలో దానిని ముగించును. ఒకటికి మూడు వాలుమీద చక్రాల కుర్చీలోని బిడ్డ తనంత తాను ఎక్కలేదు; దిగునపుడు ముందునకు పడును. ఆఱడుగుల వాలునకును, ఇరువదినాలుగడుగుల వాలునకును లెక్కల పుస్తకమున ఒకే "ఉన్నది". అబద్ధము చెప్పవలెనన్న ఉద్దేశము ఎవరికిని లేకయే, దేశమంతయు కలసి ఒక అబద్ధమును వ్రాసికొనుచున్నది.

ఈ సందర్భముననే సాంఘిక శాస్త్రములను గుఱించి ఒక మాట చెప్పదలచితిమి. మన విశ్వవిద్యాలయములయందు అర్థశాస్త్రము ఒక గదిలోను, సమాజశాస్త్రము మఱొక గదిలోను, మనశ్శాస్త్రము వేఱొక గదిలోను, న్యాయశాస్త్రము ఊరవతలను వెలసియున్నవి. ఇంజనీర్లకు వీనితో పొత్తే లేదు. బిడ్డ జీవితమునకు మాత్రము ఇట్టి గదులు లేవు. ఒక బాలిక ఉదయము బడికి వచ్చినదాది సాయంకాలమువఱకు నీరు త్రాగదనుకొందము. వైద్యుడు ఆమెకు మూత్రవ్యాధియని వ్రాయును. ఉపాధ్యాయుడు తఱచు గైరుహాజరని వ్రాయును. అర్థశాస్త్రజ్ఞుడు ఆ తల్లి కూలిదినములు పోవుచున్నవని కుటుంబపు ఆదాయ పట్టికలో చూపును. సమాజశాస్త్రజ్ఞుడు, ఈడు వచ్చిన ఆడపిల్లను పరాయి మగవాడు మోయుట ఇంటివారికి సమ్మతము కాదు గనుక పండ్రెండవయేట చదువు మాన్పించిరని వివరించును. నాలుగు పుస్తకములు, నాలుగు రోగనిర్ణయములు. కారణమో ఒక్కటే: మఱుగుదొడ్డి తలుపు వెడల్పు రెండడుగులు, బిడ్డ కుర్చీ దానిలో పట్టదు. తొమ్మిదివందల మిల్లీమీటర్లు, అనగా సుమారు మూడడుగులు, తలుపు తెఱపి యుండవలెనని ప్రమాణగ్రంథములు చెప్పుచునే యున్నవి. ఇంజనీరు ఆ నలుగురితో ఎన్నడును మాటలాడలేదు. ఆ నలుగురును టేపు పట్టుకొని తలుపును కొలువలేదు.

శాస్త్రములు కలసి నడచినచో ఫలము వేఱుగనుండునని చరిత్రయే చెప్పుచున్నది. సెల్విన్ గోల్డ్‌స్మిత్ అను ఆంగ్లేయ వాస్తుశిల్పి పోలియోచే అంగవైకల్యము పొందినవాడు. వికలాంగులకొఱకు భవనములు ఎట్లు కట్టవలెనో 1963లో గ్రంథము వ్రాసెను. అంతటితో నూరకుండక, నార్విచ్ నగరమున చక్రాల కుర్చీలలో తిరుగువారిని ఒక్కొక్కరిని కలిసికొని వారి కష్టములను విచారించెను. కాలిబాటల అంచులను వాలుగా దింపు పద్ధతి ఆ విచారణవెంట వచ్చినదే. గీతలు గీయువాడు గడపగడపకు పోయి ప్రశ్నించుట నేర్చినందున అది సాధ్యమయ్యెను. ఆ దేశమందలి వికలాంగులే ఒక సంఘముగా చేరి, 1976లో తమ్ము అశక్తులుగా చేయునది దేహములోని లోపము కాదు, సమాజము కట్టిన కట్టడియే యని వాదించిరి. 1983లో మైకేల్ ఆలివర్ అను పండితుడు ఆ వాదమునకు ఒక సిద్ధాంతరూపము నిచ్చెను. అమెరికాలో రోనాల్డ్ మేస్ అను మఱియొక వాస్తుశిల్పి, తానును చక్రాల కుర్చీలో తిరుగువాడే, అందఱికిని పనికివచ్చు నిర్మాణమే మంచి నిర్మాణమని బోధించెను. వీరందఱును శాస్త్రముల సరిహద్దులు దాటినవారే. దాటకయున్నచో వారి బ్రదుకే సాగదు.

కట్టడపు మెట్లే కాదు, నిబంధనల మెట్లును కలవు. మచిలీపట్టణము చేరువ పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా చూపులేని బాలుడు. పదవతరగతి మంచి మార్కులతో ముగించి ఇంటరులో విజ్ఞానశాస్త్రము చదువుదునన్నచో, అంధులకు ఆ శాస్త్రము కూడదని నాటి రాష్ట్రపు నిబంధనలు అడ్డుపడినవి. ఆతడు న్యాయస్థానమున కెక్కి గెలిచెను. పిమ్మట అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమునకు పోయి చదివెను. తిరిగివచ్చి హైదరాబాదున పరిశ్రమను స్థాపించి తనవంటివారికి పని కల్పించెను. ఆ నిబంధన వ్రాసినవారు దుర్మార్గులని మేమనము. ప్రయోగశాల యనగా కంటితో చూచునదియే యని వారు నమ్మిరి. చూపులేనివారు ఎట్లు నేర్చుకొందురో తెలిసిన ఒక మనశ్శాస్త్రవేత్తనుగాని, తుదకు చూపులేని ఒక విద్యార్థినిగాని పిలిచి అడిగియుండినచో ఆ నిబంధనయే పుట్టదు. మనయొద్ద నిబంధనలు ఎవరికొఱకు చేయబడుచున్నవో వారిని దక్క అందఱిని అడిగి చేయబడుచున్నవి.

ఇట్టి పొరపాటు మొన్నమొన్నటి మంచిపనులలోను దొరలినది. 2022లో తెలంగాణ ప్రభుత్వము "మన ఊరు - మన బడి" యను పథకమును తలపెట్టి, 26,065 బడులను బాగుచేయుటకై 7,289 కోట్ల రూపాయలకు పైగా అంచనా వేసినది. పండ్రెండు అంగములను ఎన్నుకొన్నది: నీటివసతిగల మఱుగుదొడ్లు, విద్యుత్తు, త్రాగునీరు, బల్లలు, రంగులు, మరమ్మతులు, ఆకుపచ్చ పలకలు, ప్రహరీగోడలు, వంటశాలలు, శిథిలమైన గదులకు మాఱుగా క్రొత్త గదులు, ఉన్నత పాఠశాలలకు భోజనశాలలు, డిజిటలు బోధన. ఒక్కొక్కటియు అవసరమైనదే. నడువలేని బిడ్డ లోనికి వచ్చుట యను పదమూడవ అంగమునకు మాత్రము ఆ పట్టికలో పేరు దొరకలేదు. ఇది ఒక్క పక్షమునకు చెందిన దోషము కాదు. ప్రభుత్వములు మాఱినవి, 2024లో తల్లులతో కూడిన అమ్మ ఆదర్శ పాఠశాల సంఘములు ఏర్పడి మరమ్మతులు వారి చేతికి వచ్చినవి. బిడ్డను చంకనెత్తుకొని మెట్లెక్కు తల్లికి ఆ సంఘములో చోటున్నదా యనునదే మా ప్రశ్న.

మాకు ఎదురగు ఆక్షేపణలు తెలియనివి కావు. ఖర్చగును అందురు. 1911లో గోఖలే మహాశయుడు నిర్బంధ ప్రాథమిక విద్యా బిల్లును ప్రవేశపెట్టినపుడును ఖర్చనియు, దేశమింకను పక్వము కాలేదనియు ఆక్షేపించి 1912లో దానిని త్రోసివేసిరి. ఆనాడు ఆ మాట అనినవారు పరపాలకులు, వారి పక్షము వహించినవారు. స్వరాజ్యమున అదే మాట మన నోట వినవలసివచ్చుట సిగ్గుచేటు. పునాది గీతయందే వాలుదారిని చేర్చినచో పట్టు వ్యయము స్వల్పము. కట్టిన గోడ కూల్చి చేర్చినచో అధికము. కావున ఖర్చునకు భయపడువారే ముందుగా చేర్చవలెను. మఱికొందఱు, ఒక్క బిడ్డకై ఇంత హంగామా యేల యందురు. మెట్లున్నందున ఇతరులు రాలేదు. రానందున ఒక్కరే కనబడుచున్నారు. ఇంకను కొందఱు ప్రత్యేక పాఠశాలలు కలవుగదా యందురు. కలవు, వాని సేవను మేము తక్కువచేయము. అల్వాలునకు చేరువనే బోయినపల్లియందు 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ, మనోవైకల్యముగల బిడ్డలకు తోడ్పడుచు, వారికి బోధించు గురువులను తయారుచేయుచున్నది. చట్టము చెప్పినది బిడ్డ కోరిక. ఇంటిచేరువ బడి మెట్లచే మూయబడియుండగా ప్రత్యేక పాఠశాలకు పొమ్మనుట కోరికయగునా, బహిష్కరణ యగునా? గోడలు సరిచేసినంతమాత్రమున చాలదు, గురువులును కావలెను. ప్రాథమిక తరగతులలో పదిమంది, పై తరగతులలో పదునైదుగురు వికలాంగ బాలలకొక ప్రత్యేకోపాధ్యాయు డుండవలెనని 2021లో సుప్రీముకోర్టే చెప్పినది.

అల్వాలు ఈ సమస్యకంతకును ఒక చిన్న అద్దమువంటిది. ఊరి నడుమనుండి రైలుదారి పోవుచున్నది. పెద్ద రహదారి పోవుచున్నది. ఒకవైపు కంటోన్మెంటు సరిహద్దు; ఒకవైపు నగరపాలక సంస్థ. 2007వఱకు ఇది ప్రత్యేక పురపాలక సంఘము. ఒక బిడ్డ ఇంటినుండి బడికి పోవు మైలు దూరములో కంటోన్మెంటు బోర్డు కాలిబాట, రోడ్లశాఖ రహదారి, రైల్వేవారి దాటుదారి, విద్యాశాఖ మెట్లు వరుసగా తగులవచ్చును. నాలుగు సర్కారులును నాలుగు ఫైళ్లు. బడిలో వాలుదారి చక్కగా కట్టినను, దారిలో ఒక్కచోట ఆగినచో బిడ్డ ఇంటికడనే యుండును. కావున బడిని ఒంటిగా చూచుటయు పొరపాటే.

మఱి ఏమి చేయవలెను? అల్వాలునకు ఒకవైపు బోయినపల్లి సంస్థయందు బోధనశాస్త్రజ్ఞులు, మనశ్శాస్త్రజ్ఞులు కలరు. మఱొకవైపు షామీర్‌పేటలో న్యాయశాస్త్రజ్ఞులు కలరు. బేగంపేటలో ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రము కలదు. మాసబ్‌ట్యాంకున వాస్తుకళాశాల కలదు. నలుగురును గంట ప్రయాణ దూరముననే యున్నారు. వీరు ఒక్క విద్యాసంవత్సరము అల్వాలు బడులను తమ విద్యార్థులకు పాఠ్యవిషయముగ చేయుదురుగాక. ఒక్కొక్క బడికి ఒక వాస్తువిద్యార్థి, ఒక న్యాయవిద్యార్థి, ఒక సమాజశాస్త్ర విద్యార్థి, ఒక ప్రత్యేకోపాధ్యాయుడు కలసి పోవుదురుగాక. వారితో తప్పక, చక్రాల కుర్చీలో తిరుగువారొకరు, చూపులేనివారొకరు, ఒక తల్లి ఉండవలెను. టేపుతో వాలును, తలుపును కొలువుడు. ఇంటింటికి పోయి బడికి రాని బిడ్డలెందఱో అడుగుడు. ఇంటినుండి బడివఱకు దారిని కుర్చీతో నడచి చూడుడు. "ఉన్నదా, లేదా" అను ప్రశ్నకు మాఱుగా "బిడ్డ తనంత తాను పోగలిగెనా" అను ప్రశ్నను వ్రాయుడు.

ఆ పత్రము చేతికి వచ్చినపిదప పని మనది. విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే. బడి అభివృద్ధి ప్రణాళికను వ్రాయు అధికారము ఆ సంఘమునకు కలదు. అందులో ఈ కొలతలను వ్రాయింపుడు. సరిదిద్దనిచో వికలాంగుల సంక్షేమమునకై ఏర్పడిన రాష్ట్ర కమిషనరునకు ఫిర్యాదు చేయుడు. 2016 చట్టపు 89వ సెక్షను మొదటి ఉల్లంఘనకు పదివేల రూపాయలవఱకు, పిమ్మటి వానికి ఏబదివేలకు తగ్గక అయిదులక్షలవఱకు జరిమానా విధించుచున్నది. క్రొత్త బడి కట్టుటకు నమూనా వచ్చినపుడు 44వ సెక్షనును చూపి అనుమతిని ఆపింపుడు. అర్జీ వ్రాయ నెఱుగని తల్లికి వ్రాసిపెట్టు బాధ్యత న్యాయవాదులది. మేము మా వంతునకు వెనుదీయము.

కడపట మాకు నిత్యము తోడుగనున్న పఠనమందిర సోదరులకు ఒక మాట. నిజాము రాజ్యమున 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును మన పెద్దలు నిలిపిరి. తలుపు మూసినవాడు పరుడని వారికి తెలియును గనుక తెఱచుటకు పోరాడిరి. నేడు తలుపు మూసినవారము మనమే. మూసితిమనియు మన మెఱుగము. ఈ పత్రికను చదువుచున్న గదికి ఎన్ని మెట్లు కలవో ఒక్కసారి లేచి లెక్కింపుడు. అల్వాలు తల్లి ప్రశ్నకు మన ప్రత్యుత్తరము ఆ లెక్కతోనే ఆరంభము కావలెను. వచ్చే జూన్ నెలకు ఆమె కుమార్తెకు పదియేండ్లు నిండును.